ఆటల పెట్టె: పెరట్లో పెరిగిన ఆటగాళ్లు

ఈసారి సిక్కోలు, విజయనగరం జిల్లాల ఉత్తరాల్లో సగానికి పైగా ఫుట్‌బాల్ మీదే వచ్చాయి. వాటిలో కొన్నింటికి జవాబులివి.

ప్ర: పోగ్బా ఫ్రాన్స్ వాడు కదా! మాంచెస్టర్ యునైటెడ్‌లో అతన్ని ‘హోమ్‌గ్రోన్’ లెక్కలో ఎలా వేశారు?
– డిగ్రీ విద్యార్థి, విజయనగరం

జ: ‘హోమ్‌గ్రోన్’ అంటే ఆ దేశపు క్లబ్బుల్లో పెరిగినవాడు. ఈ లెక్కకీ పాస్‌పోర్టుకీ సంబంధం లేదు. 21 ఏళ్లు నిండేలోగా మూడు సీజన్లు, లేదా 36 నెలలు, ఇంగ్లండ్ లేదా వేల్స్ వ్యవస్థలోని క్లబ్బులో నమోదై ఉంటే ఇంగ్లండ్ పై లీగైన ప్రీమియర్ లీగ్‌కి చాలు. పోగ్బా 2009లో, 16 ఏళ్లప్పుడు యునైటెడ్ అకాడమీకి వచ్చాడు. 2012లో ఇటలీ క్లబ్బు యువెంటస్‌కి వెళ్లిపోయాడు. 2016లో అదే కుర్రాణ్ని యునైటెడ్ 8.9 కోట్ల పౌండ్లు పోసి తిరిగి తెచ్చుకుంది. పెరట్లో మొక్కని పక్కింటికి పోనిచ్చి, కాపుకొచ్చాక కొనుక్కున్నట్టు.

ప్రీమియర్ లీగ్‌లో 25 మంది జాబితాలో ‘హోమ్‌గ్రోన్’ కానివాళ్లు 17 మందికి మించకూడదు. 21 ఏళ్ల లోపువాళ్లని ఈ జాబితాలో చూపించనక్కరలేదు. యూరప్ పోటీల్లో అక్కడి ఫుట్‌బాల్ సమాఖ్య యూఎఫా నిబంధన ఇంకాస్త బిగువు. 25లో 8 చోట్లు స్థానికంగా తయారైనవాళ్లవి. అందులో కనీసం నాలుగు, 15 నుంచి 21 ఏళ్ల మధ్య అదే క్లబ్బులో మూడేళ్లు గడిపినవాళ్లకే. నలుగురికి ఇద్దరే ఉంటే మిగతా రెండు చోట్లు ఖాళీ. 23 మందితో నెట్టుకురావాల్సిందే.

ప్ర: పెద్ద క్లబ్బులు అకాడమీల మీద అంత ఖర్చు పెట్టి, చివరికి బయటినుంచే కొంటాయెందుకు?
– చెల్సీ అభిమాని, నరసన్నపేట

జ: చిక్కంతా 18కీ 21కీ మధ్య ఉంది. పంతొమ్మిదేళ్లవాణ్ని వరుసగా పది మ్యాచ్‌లు ఆడిస్తే రెండు మూడు తప్పులు తప్పవు. ఆ తప్పులకి కోచ్ కొలువు పోవచ్చు. అందుకే అతను ముప్పై ఏళ్లవాణ్ని దింపుతాడు. కుర్రాడు బెంచీ మీదే ముదురుతాడు.

మీ చెల్సీనే చూడండి. మైనర్లని చేర్చుకోవడంలో నిబంధనలు తప్పినందుకు 2019లో ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా కొనుగోళ్లు ఆపేసింది. ఆ సీజన్‌లో కోచ్ లాంపార్డ్ అకాడమీ కుర్రాళ్లు మౌంట్, అబ్రహాం, టొమోరి, రీస్ జేమ్స్‌లని ఆడించాడు. నలుగురూ అంతకుముందు ఏడాది వేరే క్లబ్బుల్లో లోన్ మీద, అంటే అరువుగా ఉన్నవాళ్లే. తలుపు తెరుచుకున్నది నిషేధం వల్ల. స్పెయిన్‌లో బాస్క్ ఆటగాళ్లనే తీసుకునే అథ్లెటిక్ బిల్బావోదీ అదే కథ. కొనడానికి దారి లేనివాడికి ఓపిక దానంతటదే వస్తుంది. ఆ జట్టు ఇంతవరకు స్పెయిన్ పై లీగైన లా లీగా నుంచి కిందికి జారలేదు.

లోన్ మంచిదే, చోటు చూసి పంపితే. కుర్రాడు ఆడే స్థానంలోనే ఆడించాలి, పై క్లబ్బు ఆటతీరుకి దగ్గరగా ఉండాలి, వారం వారం మ్యాచ్ దొరకాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా ఏడాది వృథా. స్పెయిన్‌లో క్లబ్బు రెండో జట్టు కింది డివిజన్లలో పెద్దవాళ్లతో తలపడుతుంది. షావి, ఇనియెస్టా, బుస్కెట్స్ బార్సిలోనా ‘బి’ మీదుగా వచ్చినవాళ్లే. ఇంగ్లండ్‌లో అండర్-21 జట్లు ఎక్కువగా వాటిలో అవే ఆడుకుంటాయి. పాయింటు పోతే రోజు గడవని మొరటు డిఫెండర్ అక్కడ ఎదురుపడడు.

పద్దుల సంగతి ఇంకొకటి ఉంది. కొన్న ఆటగాడి ధరని ఒప్పందం ఉన్నన్నేళ్లూ పంచి ఖర్చు రాస్తారు. అకాడమీ కుర్రాడికి కొన్న ధర సున్నా, అమ్మితే వచ్చిందంతా లాభం. ఆరేళ్ల వయసు నుంచి చెల్సీలో పెరిగిన మౌంట్‌ని 2023లో యునైటెడ్‌కి అమ్మేశారు. సొంత కుర్రాళ్లని పెంచాలని ఒకవైపు నిబంధన, సొంతవాణ్నే ముందు అమ్మమని మరోవైపు పద్దు పుస్తకం. మా దృష్టిలో ఇది వంకర లెక్క.

ప్ర: మా బడిలో 10–12 ఏళ్ల పిల్లలు 30 మంది, బంతులు రెండు. పెద్ద అకాడమీల పద్ధతిలో ఏది మాకు పనికొస్తుంది?
– వ్యాయామ ఉపాధ్యాయుడు, ఆమదాలవలస

జ: ముందు బంతులు చూసుకోండి మాస్టారూ. ఈ వయసుకి 4వ సైజు కావాలి, బరువు 350–390 గ్రాములు. 5వ సైజు 410–450 గ్రాములుంటుంది, అది 13 దాటాకే. పెద్ద బంతి ఇస్తే పిల్లలు బొటనవేలితో పొడవడం నేర్చుకుంటారు, తర్వాత ఆ అలవాటు మాన్పించలేం. ఎనిమిది బంతులుంటే పని నడుస్తుంది.

తర్వాత వరసలు మానెయ్యండి. పదిహేను మంది వరస కట్టి ఒక్కొక్కడు గోల్‌కి కొడుతుంటే, వంతుకి 20 సెకన్లు అనుకున్నా, మళ్లీ వంతు రావడానికి ఐదు నిమిషాలు. గంటకి పన్నెండు తన్నులు. మిగతా సమయమంతా మట్టిలో గీతలు గీసుకోవడమే.

దానికి బదులు రోండో పెట్టండి. ఎనిమిది పెద్ద అంగల చదరం, నాలుగు మూలలా చెప్పులు. ఐదుగురు అంచుల మీద, బంతి లాక్కోవడానికి ఇద్దరు లోపల. బయటివాళ్లు రెండు టచ్‌లలో పాస్ ఇవ్వాలి. పోగొట్టినవాడు లోపలికి. ఇలా నాలుగు చదరాలు వేసి, రెండింటిలో ఎనిమిదేసి మందిని పెడితే ముప్పై మందీ సరిపోతారు.

ఇక్కడ మీరు చూడాల్సింది పిల్లాడి పాదాలు. కాళ్లు రెండూ కలిపి బంతికి ఎదురుగా నిలబడ్డాడంటే, వచ్చినవైపే తిరిగి పంపగలడు, అంతే. ఒళ్లు సగం పక్కకి తిప్పి, ఎడమనుంచి వచ్చే బంతిని కుడికాలి లోపలి అంచుతో ఆపితే, ఆ ఒక్క టచ్‌తోనే రెండోవైపు దారి కనిపిస్తుంది. బంతి దారిలో ఉండగానే ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూసి ఉండాలి. బంతి మాటిమాటికీ బయటికి పోతుంటే చదరాన్ని ఒక అంగ పెంచండి. లోపలివాళ్లు పరిగెత్తడం మానేసి నడుస్తుంటే ఒక అంగ తగ్గించండి.

గంటలో పది నిమిషాలు బంతితో ఒళ్లు వేడెక్కించడం, పావుగంట రోండో, అరగంట ఆట, చివరి ఐదు నిమిషాలు ఒళ్లు సాగదీయడం. ఆట ఐదుగురికి ఐదుగురు, 30×20 మీటర్ల మైదానాలు మూడు, గోల్‌కీపర్ లేకుండా రెండు మీటర్ల చిన్న గోల్స్. ఈ వయసుకి పదకొండు మంది ఆట వద్దు. ఇంగ్లండ్‌లోనూ 12 ఏళ్ల లోపువాళ్లు తొమ్మిదేసి మందికి మించి ఆడరు. బయటినుంచి ‘కొట్టు, కొట్టు’ అని అరవకండి. అరిస్తే నిర్ణయం మీది, కాలు మాత్రం వాడిది. వేసవిలో నేల గట్టిబడి బంతి తలెత్తు ఎగురుతుంటే గాలి కాస్త తగ్గించండి. నిబంధన ప్రకారం 0.6 నుంచి 1.1 అట్మాస్ఫియర్ల దాకా ఉండొచ్చు, 0.6 దగ్గర ఉంచితే చాలు.

ప్ర: మా బాబుకి 13 ఏళ్లు, డిసెంబరులో పుట్టాడు. చిన్నగా ఉన్నాడని జట్టులోంచి తీసేశారు. మోకాలి చిప్ప కింద నొప్పి అంటున్నాడు.
– ఒక తల్లి, బొబ్బిలి

జ: జనవరి 1 హద్దుగా వయసు విభాగం కడితే డిసెంబరు పిల్లాడు జనవరి పిల్లాడికంటే దాదాపు ఏడాది చిన్న. ఆ తేడానే చాలామంది ప్రతిభ అనుకుంటారు. ఇంగ్లండ్‌లో హద్దు సెప్టెంబరు 1. ఇంగ్లండ్ ఫార్వర్డ్ హ్యారీ కేన్ పుట్టింది జులై 28న, అంటే తన విభాగంలో చిట్టచివరివాళ్లలో ఒకడు. చిన్నప్పుడు లండన్ క్లబ్బు ఆర్సెనల్ అతన్ని వదిలేసింది. ఇప్పుడు అక్కడి అకాడమీలు అప్పుడప్పుడు పుట్టినతేదీ పక్కనపెట్టి, ఎదుగుదలని బట్టి జట్లు కట్టి ఆడిస్తున్నాయి.

నెలకోసారి చెప్పులు విప్పించి, గోడకి నిలబెట్టి ఎత్తు రాసుకోండమ్మా, ఒకే వేళప్పుడు. నెలకి అర సెంటీమీటరు దాటి పెరుగుతున్న రోజుల్లో గెంతులు, గట్టి నేలమీద వేగం పరుగులు తగ్గించాలి. బంతితో పని మానక్కరలేదు. చిప్ప కింద బుడిపె దగ్గర నొప్పి ఈ వయసులో మామూలే. ఎముక వేగంగా పెరుగుతుంటే తొడ కండరం దాని కొసని లాగుతుంది. వాపు, కుంటడం, రాత్రిపూట నొప్పి ఉంటే మాత్రం ఎముకల డాక్టరుకి చూపించండి. పొద్దున చోడి అంబలి, గుడ్డు, రాత్రి తొమ్మిది గంటల నిద్ర. పుట్టినతేదీ మార్పిద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మణికట్టు ఎక్స్‌రేతో ఎముక వయసు చూసే పరీక్షలున్నాయి.

ప్ర: 15 ఏళ్ల మా అబ్బాయిని యూరప్ క్లబ్బులో చేర్పిస్తానని ఒకాయన డబ్బు అడుగుతున్నాడు. నమ్మొచ్చా?
– ఒక తండ్రి, పలాస

జ: ఇవ్వకండి. 18 ఏళ్లలోపు ఆటగాణ్ని ఇంకో దేశపు క్లబ్బుకి మార్చడాన్ని ఫిఫా నిషేధించింది. తల్లిదండ్రులు ఆటకి సంబంధం లేని పనిమీద ఆ దేశం వెళ్లి స్థిరపడడం వంటి మినహాయింపులు కొద్దిగానే ఉన్నాయి. ఈ నిబంధన తప్పినందుకే బార్సిలోనాకి రెండు విండోలపాటు, అంటే ఆటగాళ్లని కొనుక్కునే రెండు గడువులపాటు, కొనుగోళ్లు ఆపేశారు. ఆ క్లబ్బుల పేర్లతో మన దేశంలో నడిచే శిబిరాలు ఫీజు కట్టి నేర్చుకునేవి. అక్కడ నేర్చుకుంటే తప్పులేదు, కానీ దాన్ని టికెట్టు అనుకోవద్దు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యలో నమోదైన క్లబ్బు తరఫున పిల్లాడి పేరు నమోదయిందో లేదో ముందు అడగండి.

ప్ర: మా ఊరి క్లబ్బు కుర్రాడు రేపు విదేశాలకి అమ్ముడుపోతే మాకేమైనా వస్తుందా?
– క్లబ్బు కార్యదర్శి, చీపురుపల్లి

జ: వస్తుంది, నమోదు ఉంటే. విదేశీ బదిలీ రుసుములో 5 శాతం, 12 నుంచి 23 ఏళ్ల దాకా నేర్పిన క్లబ్బులకి పంచాలి. 12–15 మధ్య ఏడాదికి 0.25 శాతం, ఆ తర్వాత 0.5 శాతం. పది కోట్ల బదిలీలో, మొదటి నాలుగేళ్లు మీ దగ్గరే ఆడి ఉంటే మీ వాటా పది లక్షలు. ఆ ఏళ్లలో కుర్రాడి పేరు సమాఖ్య రికార్డులో మీ క్లబ్బు కింద ఉండాలి. ఊరందరికీ తెలుసు అంటే చెల్లదు. ఈ సీజన్ నమోదు చేయించారా?