అమెరికాలో డాక్టరు: మనవారేనా అన్నది తర్వాత, ముందు లైసెన్సు చూడండి

పాలకొల్లు నుంచి ఒక చెల్లెలు అడిగింది: "అక్కా, వచ్చే నెలలో డాలస్ వస్తున్నాం. మా ఆయనకి చిన్న వయసులోనే బీపీ మాత్ర మొదలైంది. సంక్రాంతి వెళ్ళాక మా మావయ్యగారు, అత్తయ్యగారు కూడా వచ్చి కొన్నాళ్ళు ఉంటారు. మావయ్యగారికి షుగరు. అక్కడ మన గోదావరి జిల్లాల డాక్టరు ఎవరైనా ఉంటే పేరు చెప్పవా? మనవాళ్ళయితే ధైర్యంగా ఉంటుంది."

పేరు చెప్పనమ్మా. నేను చెప్పిన డాక్టరు మీ ఇన్సూరెన్సు నెట్‌వర్క్‌లో, అంటే ఆ కంపెనీ ఒప్పందం చేసుకున్న డాక్టర్ల జాబితాలో, ఉండకపోవచ్చు, కొత్త పేషెంట్లని తీసుకోకపోవచ్చు. దానికన్నా, ఏ డాక్టరునైనా మీరే సరిచూసుకునే పద్ధతి చెబుతాను. నాది రాజోలు దగ్గర పల్లెటూరు. ఇక్కడ ఒక క్లినిక్‌లో డాక్టర్ల అర్హతలు పరిశీలించే విభాగంలో ఉద్యోగం చేస్తున్నాను. కొత్త డాక్టరు చేరాలంటే, ఆయన తెచ్చిన సర్టిఫికెట్ చూసి సరేననం. చదివిన కాలేజీ, ట్రైనింగ్ ఇచ్చిన ఆసుపత్రి, లైసెన్సు ఇచ్చిన బోర్డు, ప్రతి ఒక్కరినీ నేరుగా అడిగి నిర్ధారించుకుంటాం. ఆ వివరాల్లో ముఖ్యమైనవి పేషెంటుకి కూడా ఉచితంగా దొరుకుతాయి. మనవాళ్ళలో చాలామంది వాటి జోలికే వెళ్ళరు. తెలుగు సంఘంలో ఎవరో చెప్పిన పేరు పట్టుకుని వెళ్ళిపోతారు.

ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలో చూద్దాం. మన దగ్గర జ్వరమొస్తే ఊళ్ళో ఆర్ఎంపీ, తగ్గకపోతే భీమవరంలోనో అమలాపురంలోనో జనరల్ మెడిసిన్ డాక్టరు, గుండె అంటే నేరుగా కాకినాడో విజయవాడో వెళ్ళి కార్డియాలజిస్టు. అమెరికాలో పెద్దవాళ్ళకి మొదటి గుమ్మం ప్రైమరీ కేర్ డాక్టరు. ఆ పని ఎక్కువగా చేసేది ఇద్దరు: ఇంటర్నల్ మెడిసిన్ వారు, ఫ్యామిలీ మెడిసిన్ వారు. ఇద్దరికీ మెడికల్ కాలేజీ తర్వాత 3 ఏళ్ళ రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ పొందే శిక్షణ, ఉంటుంది. ఫ్యామిలీ మెడిసిన్ వారు పిల్లల్ని కూడా చూస్తారు. ఇంటర్నల్ మెడిసిన్ వారి శిక్షణంతా పెద్దవాళ్ళ జబ్బుల మీదే: బీపీ, షుగరు, థైరాయిడ్, గుండె, కిడ్నీ, ఊపిరితిత్తులు. మీ ఆయనకి, రేపొచ్చే మీ మావయ్యగారికి ఇంటర్నల్ మెడిసిన్ డాక్టరు సరిపోతారు. ఇన్సూరెన్సుల్లో హెచ్ఎంఓ, పీపీఓ అని రకాలుంటాయి. మీది హెచ్ఎంఓ అయితే సాధారణంగా ఈ డాక్టరు రిఫరల్, అంటే పంపుతూ రాసిన చీటీ, ఇస్తేనే స్పెషలిస్టు చూస్తారు. పీపీఓ అయితే అంత పట్టింపు ఉండదు.

ఇక డిగ్రీలు. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువగా పొరబడతారు. అమలాపురంలో బోర్డు మీద పేరు పక్కన ఎం.డి. అని ఉంటే ఎంబీబీఎస్ తర్వాత మరో 3 ఏళ్ళు చదివారని మనకి తెలుసు. అమెరికాలో ఎం.డి. మొదటి వైద్య డిగ్రీయే, మన ఎంబీబీఎస్ స్థాయిది. అది ఉందని స్పెషలిస్టు అయిపోయినట్టు కాదు. మన ఎంబీబీఎస్ వాళ్ళు కూడా ఇక్కడ లైసెన్సు వచ్చాక పేరు పక్కన ఎం.డి. అనే రాసుకుంటారు, తప్పేమీ లేదు. డి.ఓ. అని ఉన్నా వెనక్కి తగ్గకండి. ఆస్టియోపతిక్ కాలేజీలో చదివిన వారికి యాభై రాష్ట్రాల్లోనూ ఎం.డి.లతో సమానంగా ప్రాక్టీసు చేసే హక్కు ఉంది. ఎన్.పి., పి.ఏ. అని ఉంటే వాళ్ళు నర్స్ ప్రాక్టిషనర్, ఫిజీషియన్ అసిస్టెంట్. చిన్నచిన్న వాటికి చక్కగా చూస్తారు, మందులూ రాస్తారు. కానీ డాక్టరు అనుకుని అపాయింట్‌మెంట్ తీసుకోకండి, ఎవరు చూస్తారో ఫోన్‌లోనే అడగండి.

మరి నిజంగా చూడాల్సినవి ఏమిటంటే, మొదటిది రాష్ట్ర లైసెన్సు. డాలస్ కాబట్టి టెక్సస్ మెడికల్ బోర్డు వెబ్‌సైట్లో డాక్టరు పేరు కొట్టండి. లైసెన్సు చెల్లుబాటులో ఉందా, బోర్డు ఎప్పుడైనా క్రమశిక్షణ చర్య తీసుకుందా అన్నది కనిపిస్తుంది. చర్య అని కనిపించగానే కంగారు పడొద్దు, తెరిచి చదవండి. కాగితాలు ఆలస్యంగా పంపినందుకు వేసిన జరిమానా వేరు, పేషెంటు విషయంలో నిర్లక్ష్యం వేరు.

రెండోది బోర్డు సర్టిఫికేషన్. ఇంటర్నల్ మెడిసిన్‌కి అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ ఉంది, 1936లో ఏర్పడింది. రెసిడెన్సీ పూర్తిచేసి, వాళ్ళ పరీక్ష పాసైతే సర్టిఫికెట్. లైసెన్సుకి ఇది తప్పనిసరి కాదు. ఇది లేకుండా కూడా చట్టబద్ధంగా ప్రాక్టీసు చేయొచ్చు. అందుకే విడిగా చూసుకోమంటున్నాను. బోర్డు సైట్లో పేరు కొడితే సర్టిఫైడ్ అవునో కాదో వెంటనే చెబుతుంది. ఒకసారి పాసై ఊరుకుంటే సరిపోదు, కొత్త విషయాలు నేర్చుకుంటూ నిలబెట్టుకోవాలి. అదీ అక్కడే తెలుస్తుంది. ఎన్పీఐ అని 10 అంకెల నంబరు ప్రతి డాక్టరుకీ ఉంటుంది. అది బిల్లింగ్ కోసం ఇచ్చే గుర్తింపు మాత్రమే, దాన్ని నైపుణ్యానికి రుజువుగా తీసుకోకండి.

ఇంటర్నెట్లో నక్షత్రాల రేటింగులు నేను పెద్దగా పట్టించుకోను. పార్కింగు దొరకలేదని, ఫోన్ ఎత్తలేదని ఇచ్చిన ఒక్క నక్షత్రంలో వైద్యం గురించి ఏముంటుంది?

కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదివిన డాక్టరు డాలస్‌లో కనిపిస్తే మనసుకి హాయిగానే ఉంటుంది, నాకూ ఉంటుంది. 1958 నుంచి నడుస్తున్న కాలేజీ, ఇప్పుడు ప్రభుత్వానిది, అందులో సీటు రావడమే గొప్ప. కానీ ఆ డాక్టరు ఇక్కడ నిలబడింది ఆ ఒక్క డిగ్రీతో కాదు. విదేశాల్లో చదివిన డాక్టర్ల అర్హతలు పరిశీలించే ఈసీఎఫ్ఎంజీ సంస్థ వాళ్ళు కాకినాడ కాలేజీనే అడిగి డిగ్రీ నిజమేనని తేల్చుకుంటారు. అమెరికా వైద్య లైసెన్సుకి పెట్టే యూఎస్ఎంఎల్ఈ పరీక్షలు రాయాలి. ఇండియాలో ఎం.డి. చేసి పదేళ్ళు పేషెంట్లని చూసినవారైనా సాధారణంగా ఇక్కడ మళ్ళీ రెసిడెన్సీ మొదటి ఏడాది నుంచి చేయాలి. కొన్ని రాష్ట్రాలు ఈమధ్య ఆ నిబంధన కొంత సడలించాయి. అంత శ్రమపడి వచ్చినవారి మీద నాకు చాలా గౌరవం. ఆ శ్రమకి సాక్ష్యం ఆ రెసిడెన్సీ, ఆ బోర్డు సర్టిఫికెట్. ఊరు కలిసిందని వాటిని చూడకుండా వదిలేయడం ఆ డాక్టరుకి గౌరవం ఇచ్చినట్టు కాదు.

భీమవరంలో 1895లో పుట్టిన వైద్య శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు గుర్తొస్తున్నారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టారని సర్జరీ ప్రొఫెసరుకి కోపం వచ్చి, ఆయనకి ఎంబీబీఎస్ కాకుండా తక్కువదైన ఎల్ఎంఎస్ దక్కింది. 1920ల్లో బోస్టన్ చేరాక లైసెన్సు లేక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేశారు. తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం బోదకాలుకి డీఈసీ మందు తెచ్చింది. మన డెల్టా ఊళ్ళలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించిన బోదకాలు మాత్ర అదే. కాగితం మీద డిగ్రీ మనిషి ప్రతిభని పూర్తిగా పట్టుకోలేదని ఆయన జీవితం చూస్తే తెలుస్తుంది, ఒప్పుకుంటాను. అయినా డాక్టరు ఎదురుగా కూర్చున్న పదిహేను నిమిషాల్లో ఆయన ప్రతిభని కొలవడం మనవల్ల కాదు. నిష్పక్షపాతంగా పరీక్షించినవారి మాట మీదే ఆధారపడాలి.

డాలస్ చేరిన మొదటి నెలలోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి, జబ్బు చేసేదాకా ఆగొద్దు. కొత్త పేషెంటుకి వారాలు, ఒక్కోచోట నెలలు పడుతుంది. మీ ఆయన బీపీ మాత్రలు ఈలోపు అయిపోతే మెడికల్ షాపుకి వెళ్ళి తెచ్చుకోవడం కుదరదు, ప్రిస్క్రిప్షన్ లేనిదే ఇవ్వరు. పాలకొల్లు డాక్టరుగారు వాట్సాప్‌లో రాసిచ్చింది ఇక్కడి ఫార్మసీలో చెల్లదు. మరో సంగతి: వీడియోలో చూసే డాక్టరుకి కూడా సాధారణంగా పేషెంటు ఉన్న రాష్ట్రంలో లైసెన్సు ఉండాలి. రేపు ఉద్యోగం మారి న్యూజెర్సీ వెళ్తే డాలస్ డాక్టరుతోనే వీడియోలో నెట్టుకొద్దామంటే చాలాసార్లు వీలుపడదు. ఇంకోటి, మీ డాక్టరు పనిచేసే క్లినిక్ గ్రూపులో మూడేళ్ళు ఎవరికీ చూపించుకోకపోతే మళ్ళీ కొత్త పేషెంటు లెక్కలోకి వెళ్తారు. అందుకే ఏడాదికోసారైనా వెళ్ళండి.

ఆ ఏడాదికోసారి చెకప్‌కి చాలా ఇన్సూరెన్సుల్లో కోపే, అంటే మన చేతి నుంచి కట్టే వాటా, ఉండదు. కానీ అదే రోజు "మోకాలు నొప్పి కూడా ఉంది" అని కొత్త సమస్య మొదలెడితే దానికి వేరే బిల్లు రావచ్చు. అడగడం మానొద్దు, "దీనికి విడిగా ఛార్జ్ అవుతుందా?" అని ముందు కనుక్కోండి. చెకప్‌లో మీరు దక్షిణాసియా వాళ్ళమని గుర్తుచేయండి. 2018 నాటి అమెరికా కొలెస్ట్రాల్ మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాల్ని గుండెజబ్బు ముప్పు పెంచే అంశాల్లో ఒకటిగా లెక్కేశాయి. షుగరు పరీక్షకి ఆసియా మూలాల వారికి బీఎంఐ (ఎత్తుని బట్టి బరువుని లెక్కేసే కొలత) 23 నుంచే చూడమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది. మిగతావారికి అది 25. సన్నగా ఉన్నాడు కదా అని మీ ఆయన్ని వదిలేయకుండా ఉండటానికి ఈ మాట పనికొస్తుంది. నాన్నగారికో బాబాయికో చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే ఏ వయసులో వచ్చిందో కూడా రాసుకుని వెళ్ళండి. ఉద్యోగంలోనో కాలేజీలోనో టీబీ పరీక్ష అడిగితే, చిన్నప్పుడు బీసీజీ (టీబీ టీకా) వేయించుకున్నామని చెప్పి చర్మం మీద చేసేది కాకుండా రక్తపరీక్ష చేయించమనండి. బీసీజీ వల్ల చర్మం పరీక్ష తప్పుగా పాజిటివ్ రావచ్చు, రక్తపరీక్షకి ఆ ఇబ్బంది లేదు.

ఇక మావయ్యగారి మందుల గురించి, ఇది శ్రద్ధగా వినండి. మన మెడికల్ షాపుల్లో నాలుగు మాత్రలు అడిగితే కత్తెరతో స్ట్రిప్పు కోసి చిన్న కాగితం కవర్లో వేసి ఇస్తారు. కోసిన ముక్క మీద పేరులో సగం ఉంటుంది, గడువు తేదీ ఉండదు. కవరు మీద పెన్నుతో గీసిన 1-0-1 తప్ప ఇంకేమీ లేదు. అలాంటి ముక్కలు నిండిన కవరు ఇక్కడి డాక్టరు ముందు పెడితే ఏమీ అర్థం కాదు. పూర్తి స్ట్రిప్పులు కొనండి. డాక్టరుగారి చేత జనరిక్ పేర్లతో, మోతాదుతో, ఇంగ్లీషులో టైపు చేయించి, సంతకం, రిజిస్ట్రేషన్ నంబరుతో ఒక లెటరు తీసుకోండి. ఉదాహరణకి టెల్మిసార్టాన్ 40, మెట్‌ఫార్మిన్ 500 అని ఉండాలి. బ్రాండు పేరు ఇక్కడెవరికీ తెలియదు. ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిసి ఉంటే వాటిని విడగొట్టి రాయించండి, ఆ జోడీ ఇక్కడ దొరక్కపోవచ్చు. సొంతానికి తెచ్చుకునే మందులు సాధారణంగా 90 రోజులకి మించకూడదు. అంతకన్నా ఎక్కువ ఉంటామంటే మిగతావి ఇక్కడ రాయించుకోవడానికి ముందే డాక్టరుని చూసిపెట్టాలి. నిమెసులైడ్‌కి అమెరికాలో అనుమతి లేదు, అది తేవద్దు. డోలో, టైలెనాల్ రెండిట్లోనూ ఉండేది ఒకటే మందు, పారాసెటమాల్. ఒళ్ళు నొప్పులని రెండూ కలిపి వేసుకుంటే కాలేయానికి ముప్పు.

పెద్దవాళ్ళ విజిటర్ ఇన్సూరెన్సులు చాలావరకు పాత జబ్బులకి డబ్బివ్వవు. అందుకని హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), ఈసీజీ, కంటి పరీక్ష పాలకొల్లులోనే చేయించి రిపోర్టులు తీసుకురండి.

డాక్టరు గదిలో మావయ్యగారి తరఫున అన్నీ మీరే మాట్లాడేయకండి. కోడలి ముందు మూత్రం ఇబ్బంది చెప్పే మావగారు మన వైపు ఎవరున్నారు? ఫెడరల్ ప్రభుత్వ నిధులు తీసుకునే క్లినిక్‌లు, ఆసుపత్రులు దుబాసీ సాయం ఉచితంగా ఇవ్వాలి. తెలుగు కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే చెబితే ఫోన్‌లో కలుపుతారు. మీరు బయట కూర్చోండి, ఆయన్ని మాట్లాడనివ్వండి.

ఇంతా చూసి ఎంచుకున్నాక కూడా డాక్టరు మీ మాట వినడం లేదనో, అడిగినదానికి విసుక్కుంటున్నారనో అనిపిస్తే మారండి. ఆ డాక్టరు తెలుగువారైతే మనకి మొహమాటం మరీ ఎక్కువ, ఉగాది సభలో ఎదురుపడితే ఎలా అని ఏళ్ళతరబడి అక్కడే ఉండిపోయినవాళ్ళు నాకు తెలుసు. రికార్డులు పంపించమని కొత్త ఆఫీసులో ఫారం మీద సంతకం పెడితే చాలు, వాళ్ళే పాత ఆఫీసుకి పంపి తెప్పించుకుంటారు. పాత డాక్టరుకి కారణం చెప్పాల్సిన పని లేదు.