బెల్టు మెడకు ఒరుసుకుంటోందా? ముందు దాని ఎత్తు చూడండి

మీ నాన్నగారు విశాఖలో మద్దిలపాలెం నుంచి గాజువాక వెళ్లేటప్పుడు సీటు బెల్టు మెడకు ఒరుసుకుంటోందని, "సిటీలోనే కదా" అని తీసేస్తున్నారన్నారు. బెల్టు మరీ పైనుంచి రావడమే కారణం అయ్యుంటుంది.

1. డ్రైవర్ భుజం పక్కన, బెల్టు బయటికొచ్చే చోట చాలా కార్లలో ఒక మీట ఉంటుంది. నొక్కి కిందికి దించండి. అది లేకపోతే సీటు ఎత్తు పెంచండి. బెల్టు భుజం మధ్యలోంచి రావాలి.

2. చాలామంది వదిలేసేది ఇదే. బకిల్ పెట్టాక కింది పట్టీని పొట్ట మీద ఉంచకుండా తుంటి ఎముకల మీదికి దించాలి. ఆ తర్వాత ఛాతీ మీది పట్టీని పైకి లాగి వదులు తీసేయాలి. పట్టీ పొట్ట మీద ఉంటే గుద్దుకున్నప్పుడు దెబ్బ పేగులకు తగులుతుంది.

3. లాగితే పట్టేస్తే పాడైందనుకోకండి. పూర్తిగా లోపలికి వదిలి, మెల్లగా లాగండి.

ఆయనకు ఇదీ చెప్పండి: ఆ దారి 16వ నంబరు జాతీయ రహదారే, పక్కనే లారీలు. 40 కిలోమీటర్ల వేగంతో గోడను గుద్దుకోవడం సుమారు 6 మీటర్ల ఎత్తు నుంచి పడ్డట్టే. స్టీరింగ్ పట్టుకుని ఆపుకోలేం. ఎయిర్‌బ్యాగ్ కూడా బెల్టుకు తోడే, బదులు కాదు.

అలారం మోగకుండా బకిల్‌లో డమ్మీ క్లిప్పు పెట్టి ఉంటే దయచేసి ఇవాళే తీసేయండి.