తాతగారి తాళపత్రాలు, నా ఫోను

ప్రశ్న: యూనివర్సిటీలో పాత రాతప్రతుల్ని డిజిటల్‌గా భద్రపరిచే పది రోజుల కోర్సు చేశాను. ఇంట్లో తాతగారి తాళపత్రాల కట్ట ఉంది. ఫోన్‌తో ఫొటోలు తీస్తే చాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మొదలుపెట్టడానికి చాలమ్మా. నేనూ యాభై దాటాక అలాంటి కోర్సే చేశాను. మొదటిరోజు కెమెరా ముట్టనివ్వలేదు, ఆకులు లెక్కపెట్టించారు. విసుక్కున్నాను. తర్వాత మా ఇంటి కట్ట తీసేటప్పుడు రెండు ఆకులు వరుస తప్పాయి. సరిచేసుకోవడానికి మూడు రాత్రులు పట్టింది! అందుకని ముందు ఆకు మీద అంకె చూసుకోండి. అదే అంకె ఫైలు పేరులో పెట్టండి. రెండు వైపులా తీయాలి, పక్కన స్కేలు ఉంచాలి.

ఘంటంతో, అంటే ఇనుప మొనతో, గీసిన గీతల్లో అక్షరం కనబడ్డానికి రుద్దిన మసి పోయి ఉంటే ఎదురు వెలుతురులో అక్షరం కనబడదు. టేబుల్ లైటును పక్కకు వాల్చండి. గీతలో నీడ పడి అక్షరం పైకి తేలుతుంది. నాకు ఈ కోర్సులో నచ్చిన ముక్క ఇదొక్కటే అన్నా తప్పులేదు. ఫ్లాష్ వద్దు. పెళుసు ఆకును బలవంతంగా వంచొద్దు, నూనె రాయడం తెలిసినవాళ్లకే వదిలేయండి.

అసలు ఫొటోలు టిఫ్‌లో (నాణ్యత తగ్గని పెద్ద ఫైలు), బంధువులకు పంపడానికి జేపెగ్‌లో (కుదించిన చిన్న ఫైలు) ఉంచుకోండి. ఒక కాపీ వేరే ఊళ్లో ఉండాలి. అన్నట్టు, కట్ట విప్పే ముందు కట్టిన దారాన్నీ పైనా కిందా ఉండే చెక్కల్నీ కూడా ఫొటో తీయండి. మా దారం ఎక్కడ పోయిందో ఇప్పటికీ దొరకలేదు.