మీ ప్రశ్న - మా జవాబు: గేటు మూసే టైము చూసి రూములు ఎంచుకోండి

ప్రశ్న: మే సెలవుల్లో దక్షిణాఫ్రికా క్రూగర్ పార్కుకు పోదామనుకుంటున్నం. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అమ్మ, బాపు. బాపుకు షుగర్. కారు నేనే నడుపుత. అయిదు రాత్రుల్లో కింది నుంచి పైదాకా పార్కంతా చూడాలని ఉంది. రూములు ఎక్కడెక్కడ తీసుకోవాలె? - ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: పైదాకా పోవడం ఈసారికి మానుకోండి. పార్కు పొడవు దాదాపు 350 కిలోమీటర్లు. హన్మకొండ నుంచి హైదరాబాద్‌కు మూడు గంటల్లో దిగే లెక్క అక్కడ పనికిరాదు. తారురోడ్డు మీద గంటకు 50, మట్టిరోడ్డు మీద 40 దాటొద్దు. జంతువు కనిపించిన ప్రతిచోటా ఆగుతారు కాబట్టి సగటున 25 వేసుకోండి. పార్కు లోపల రాత్రి ఉండే చోట్లను క్యాంపులంటారు. లోయర్ సాబీ క్యాంపు నుంచి సతారా క్యాంపుకు 93 కిలోమీటర్లు, అంటే నాలుగు గంటలు. మేలో క్యాంపు గేట్లు పొద్దున 6కు తెరిచి సాయంత్రం 5.30కు మూస్తారు. ఆలస్యమైతే జరిమానా.

అందుకే రెండే క్యాంపులు పెట్టుకోండి: లోయర్ సాబీలో మూడు రాత్రులు, సతారాలో రెండు. మొదటిది నది ఒడ్డున ఉంటుంది. దగ్గరలోని సన్‌సెట్ డ్యామ్‌లో నీటిగుర్రాలు, మొసళ్లు కారులోంచే కనిపిస్తాయి. సతారా చుట్టూ గడ్డిమైదానం, సింహాలకు పేరున్న చోటు. బుకింగ్ శాన్‌పార్క్స్ (అక్కడి జాతీయ పార్కుల సంస్థ) సైట్‌లో 11 నెలల ముందే తెరుచుకుంటుంది. ఆరుగురు పట్టే కాటేజీలు తక్కువ, ముందు అవే అయిపోతాయి. దొరక్కపోతే రెండు బంగళాలు (అక్కడ చిన్న ఇళ్లనే అలా అంటారు) తీసుకోండి. వంటగది, గిన్నెలు ఉన్నాయో లేదో ఆ రూము వివరాల్లో చదివాకే డబ్బు కట్టండి. శాకాహారులుంటే ఈ ఒక్క లైనే ట్రిప్పును కాపాడుతుంది. బియ్యం, పప్పు, కూరగాయలు దారిలో వచ్చే ఎంబోంబేలా పట్టణంలో కొనుక్కోండి. వరండాలో తినేవి వదిలేస్తే కోతులు ఎత్తుకుపోతాయి.

జోహన్నెస్‌బర్గ్ నుంచి పార్కు 400 కిలోమీటర్ల పైమాటే. విమానం మధ్యాహ్నం దిగేదైతే ఆ రోజే పార్కుకు పరుగు పెట్టకండి, ఎంబోంబేలాలో పడుకోండి. మర్నాడు పార్కులోకి పోయే క్రొకడైల్ బ్రిడ్జ్ గేటుకు సాయంత్రం 3.30 లోపు చేరాలి. అక్కడి నుంచి లోయర్ సాబీకి ఇంకా 34 కిలోమీటర్లు ఉంటుంది.

బాపు విషయం: ఎక్కడపడితే అక్కడ దిగడానికి వీల్లేదు. క్యాంపుల్లో, పిక్నిక్ స్పాట్లలో, గుర్తుపెట్టిన చోట్లలోనే దిగాలి. సతారా దారిలో త్షోక్వానే దగ్గర మరుగుదొడ్లు, తిండి ఉన్నాయి. ఆయన తినే టైముకు అక్కడుండేలా బయలుదేరండి. ఇన్సులిన్ వాడుతుంటే చల్లగా ఉంచే సంచి కారులోనే ఉండాలి. మేలో మలేరియా భయం పూర్తిగా పోదు. పిల్లలకు, పెద్దలకు మాత్రలు వేరువేరుగా డాక్టరును అడిగి రాయించుకోండి.

కారు: ఏడు సీట్ల బండిలో మూడో వరుస వేస్తే డిక్కీలో రెండు చిన్న బ్యాగులే పడతాయి, సామాను తగ్గించండి. డిపాజిట్‌కు నడిపేవారి పేరు మీదున్న క్రెడిట్ కార్డే అడుగుతారు, డెబిట్ కార్డు నమ్ముకుని పోవద్దు. ఆర్టీఏ ఇచ్చే అంతర్జాతీయ పర్మిట్‌తోపాటు అసలు లైసెన్సూ పట్టుకెళ్లండి. అక్కడా మనలాగే ఎడమవైపే నడపడం, ఆ తిప్పలైతే లేదు.

ప్రశ్న: క్రూగర్‌లో తిరగడానికి ఫోర్ వీల్ డ్రైవ్ బండి తప్పనిసరా? ఏనుగు అడ్డమొస్తే ఏం చేయాలె? - ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అక్కర్లేదు. తారురోడ్లకు, మామూలు మట్టిరోడ్లకు సాధారణ కారు చాలు. సీటు కొంచెం ఎత్తుగా ఉంటే గడ్డి మీది నుంచి చూపు ఆనుతుంది, అంతే.

ఏనుగు విషయంలో మన రోడ్ల అలవాటు ఒకటి ముంచుతుంది: హారన్. చెయ్యి దాని మీద పెట్టకండి. కనీసం 50 మీటర్ల ఎడం ఉంచి, ఇంజన్ ఆపకుండా, వెనక్కి పోయేందుకు దారి ఖాళీగా ఉందో అద్దంలో చూసుకోండి. వెనక మరో కారు అంటుకుని ఆగితే మీరు ఇరుక్కున్నట్లే. చెవులు విప్పి తల ఎత్తి మీకేసి నిలబడితే నెమ్మదిగా రివర్స్ చేయండి. మగ ఏనుగు కణతల నుంచి నల్లగా తడి కారుతూ, వెనక కాళ్లు తడిసి ఉంటే మదమెక్కిందని అర్థం. దానికి ఇంకా ఎక్కువ దూరం ఇవ్వండి. అది రోడ్డు మీదే నడిచొస్తుంటే ఫొటోలు వదిలేసి, పక్కకు తిరిగే దాకా వెనక్కే పోతూ ఉండండి.