గాలి రావాలి, చప్పుడు రాకూడదు

ప్రశ్న: సీతమ్మధారలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో ఉంటున్నాం. అన్ని ఫ్లాట్ల స్నానాల గదుల వెంటిలేటర్లూ భవనం మధ్యలో కింది నుంచి పైదాకా ఉన్న ఇరుకైన ఖాళీ జాగాలోకే, అంటే డక్టులోకే తెరుచుకుంటాయి. తెల్లవారకముందే కింది ఇళ్లవారి మాటలు, బకెట్ల చప్పుడు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ల రొద మా పడకగదిలోకి వచ్చేస్తున్నాయి. వెంటిలేటరును ప్లైవుడ్‌తో మూసేయమని వడ్రంగి అంటున్నారు. మూయవచ్చునా?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: దయచేసి మూయకండి. సముద్రపు తేమ నిండిన విశాఖ గాలిలో, వెంటిలేటరు మూసిన స్నానాల గది గోడలు ఆరవు, కొద్దికాలానికే బూజు పడుతుంది. లోపల గ్యాస్ గీజరు ఉంటే అది ప్రాణాలకే ముప్పు, ఎందుకంటే గాలి చాలనప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. అలాంటి గీజరు ఉన్నట్లయితే శబ్దం సంగతి తరువాత చూసుకోవచ్చు, ముందు దానిని బయటికి మార్పించండి.

డక్టు గోడలు సిమెంటు పూసిన గట్టి గోడలు కాబట్టి శబ్దాన్ని పీల్చుకోకుండా తిప్పికొడతాయి. ఆరుబయట నలుదిక్కులకూ చెదిరిపోవలసిన మాట అక్కడ పైకీ కిందకీ మాత్రమే సాగి, రెండు మూడు అంతస్తుల అవతల కూడా స్పష్టంగా వినబడుతుంది. డక్టును మీరొక్కరే మార్చలేరు గనుక, మీ గదిలోకి శబ్దం వచ్చే దారిని సరిచేసుకోవాలి.

మొదట స్నానాల గది తలుపును చూడండి. మన అపార్టుమెంట్లలో తేలికగా ఉండే పీవీసీ తలుపులు ఎక్కువ. అవి నీటికి తట్టుకుంటాయి గానీ శబ్దాన్ని ఆపలేవు. నీటికి చెడని, లోపల డొల్ల లేని బరువైన ఫ్లష్ తలుపు పెట్టించి, చౌకట్టుకు మూడు వైపులా రబ్బరు పట్టీ అతికిస్తే పడకగదిలో తేడా వెంటనే తెలుస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కు గాలి అందాలి కాబట్టి తలుపు కింది సందును మాత్రం పూర్తిగా మూయకూడదు.

తరువాత వెంటిలేటరు. గాజు పలకల మధ్య సందులున్నంత కాలం శబ్దం వస్తూనే ఉంటుంది. ఆ స్థానంలో మందపాటి గాజును కదలకుండా బిగించి, గాలి కోసం మాత్రం రెండు మలుపులున్న పెట్టె ఒకటి చేయించండి. దాని లోపలి గోడలకు సుమారు 25 మిల్లీమీటర్ల మందాన గ్లాస్ ఊల్ (గాజు పీచుతో చేసిన దూదిలాంటి పొర) పరచి, తేమ పట్టకుండా పలుచని ప్లాస్టిక్ పొరతో చుట్టి, పైన చిల్లుల రేకు బిగించాలి. గాలి మలుపు తిరిగి వెళ్లిపోతుంది, శబ్దం మాత్రం ప్రతి మలుపులోనూ ఆ పొరకు తగిలి బలం కోల్పోతుంది. పెట్టె దారి ఫ్యాన్ నోటికన్నా వెడల్పుగా ఉండాలి, లేకపోతే ఇరుకులో వేగం పెరిగిన గాలే కొత్తగా బుసకొడుతుంది. థర్మోకోల్, గుడ్ల అట్టలు అతికించమనే సలహా తరచుగా వింటుంటాం. అవి డక్టు శబ్దాన్ని ఆపవు, పైగా నిప్పు అంటుకునే వస్తువులు.

మీ సొంత ఫ్యాన్ కూడా రొద చేస్తుంటే, ఉప్పుగాలికి మేకులు తుప్పు పట్టాయేమో, బేరింగు అరిగిందేమో చూపించి, రెక్కలు తుడిపించి, గోడకూ ఫ్యాన్‌కూ మధ్య రబ్బరు వాషర్లు వేయించండి. వేగంగా తిరిగే చిన్న ఫ్యాన్ కన్నా నెమ్మదిగా తిరిగే పెద్ద ఫ్యాన్ మేలు. ఒకే ఫ్యాన్ వేగాన్ని సగానికి తగ్గిస్తే శబ్దం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది, అయితే గాలి కూడా సగమే వెళుతుంది. అందుకే పరిమాణం పెంచమంటున్నాను.

ప్రశ్న: మధురవాడలోని మా ఇంట్లో డక్టబుల్ ఏసీ, అంటే ఒకే యంత్రం నుంచి గొట్టాల ద్వారా గదులకు చల్లగాలి పంపే ఏసీ ఉంది. ఒక పడకగదిలో మాట్లాడితే పక్కగదిలో వినబడుతోంది. ఎందుకు?
— ఒక పాఠకుడు

జవాబు: రెండు గదుల గ్రిల్లులూ ఒకే రేకు గొట్టం మీద దగ్గరదగ్గరగా ఉండి ఉంటాయి. ఒక్కో గదికీ వేరు శాఖ తీయించి, అందులో ఒక మలుపూ, లోపల శబ్దం పీల్చే పొర ఉన్న ఒకటిన్నర రెండు మీటర్ల గొట్టమూ ఉండేలా చేయించండి. గాలి వెనక్కి పోయే దారి ఉమ్మడిదైతే అక్కడా ఇదే పని చేయాలి. యంత్రం నుంచి వచ్చే లోతైన గుయ్యిమనే ధ్వని ఈ పొరకు పెద్దగా లొంగదు. దానికోసం యంత్రానికీ రేకు గొట్టానికీ మధ్య కాన్వాస్ జోడింపు, యంత్రాన్ని వేలాడదీసే కడ్డీలకు రబ్బరు లేదా స్ప్రింగు ఆధారాలు పెట్టించాలి.