బ్రెజిల్ సంగీతం వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. బ్రెజిల్ సంగీతం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలని అడిగావు. చాలామంది బోసా నోవా అనే మెత్తని పాటల బాణీ వినమంటారు. నువ్వు దాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టు. ముందు సాంబా అనే డోలు దరువుల సంగీతం విను. అందులోనూ పాట మీద కాదు, డోలు మీద చెవి పెట్టు.

సాంబాది రెండు దెబ్బల లెక్క. చేత్తో తాళం వేసుకుంటూ విను. సుర్దో అని పెద్ద డోళ్లుంటాయి. అన్నిటికంటే మంద్రంగా మోగే సుర్దో రెండో దెబ్బ మీద పడుతుంది. కొంచెం హెచ్చు శ్రుతిలో ఉన్నది ఒకటో దెబ్బ మీద దానికి జవాబు చెబుతుంది. మూడోది ఆ మధ్య ఖాళీల్లో ఆడుకుంటుంది. మనకు సమం మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద బరువు వేయడం అలవాటు కదా, మొదట్లో చెయ్యి తడబడుతుంది. టెన్షన్ పడకు. ఆ రెండో దెబ్బ ఒంటికి పట్టేదాకా అదే పాట మళ్లీ మళ్లీ పెట్టుకో.

ఆ డోలు వెనక ఎంత బాధ ఉందో కూడా తెలుసుకోవాలి. బ్రెజిల్‌లో బానిసత్వం 1888 దాకా రద్దు కాలేదు. బయీయా ప్రాంతం నుంచి రియో నగరానికి వలస వచ్చిన నల్లవాళ్ల ఇళ్లలో సాంబా పెరిగింది. సియాటా అనే బయీయా ఆవిడ ఇల్లు అలాంటిదే. అక్కడ పాటగాళ్లందరూ చేరేవారు. 1916లో డోంగా అనే సంగీతకారుడు ‘పెలో టెలిఫోనీ’ పాటను తన పేరున రిజిస్టర్ చేయించుకుంటే, అది ఆ ఇంట్లో అందరం కలిసి కట్టుకున్నదని మిగతావాళ్లు గొడవపడ్డారు. నాకైతే వాళ్ల బాధ న్యాయమైనదే అనిపిస్తుంది.

తరవాత షోరో అనే వాద్య సంగీతం. సాంబా కంటే పాతది, 1870ల నాటి రియోలో పుట్టింది. యూరప్ నుంచి వచ్చిన పోల్కా నాట్య సంగీతాన్ని అక్కడి వాద్యగాళ్లు తమ నడకలోకి మార్చుకున్నారు. పిషింగిన్యా కట్టిన ‘కారిన్యోజు’ విను. దానికి మాటలు తరవాతెప్పుడో చేర్చారు, కాబట్టి ముందు వాద్యం మీదే విను.

ఈశాన్య బ్రెజిల్ సంగతి పూర్తిగా వేరు. అది కరువు సీమ. లూయిజ్ గొంజాగా అనే గాయకుడు అకార్డియన్, జబూంబా డోలు, ట్రయాంగిల్, ఈ మూడింటితోనే ‘బయావ్’ అనే అక్కడి సంగీతాన్ని దేశమంతా వినిపించాడు. 1947 నాటి ‘ఆజా బ్రాంకా’ పాటలో వానల్లేక పక్షి కూడా ఊరు వదిలి పోతుంది. వానలు పడితే తిరిగొస్తానని ప్రియురాలికి మాటిచ్చి పాటలోని మనిషీ వలస పోతాడు. దీనికి మాత్రం అర్థం చదువుకుని విను.

ఇప్పుడు బోసా నోవా పెట్టుకో. 1958లో జోవావ్ జిల్బెర్తో పాడిన ‘షేగా జి సౌదాజి’. గొంతు పెంచడు, పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టు పాడతాడు. గిటార్ మీద బొటనవేలు సుర్దో పని చేస్తుంటే, మిగతా వేళ్లు పుల్లతో వాయించే టంబోరిం అనే చిన్న డప్పు దరువు వేస్తుంటాయి. సాంబా విననివాళ్లకు ఇది మెత్తని హోటల్ పాటలా వినపడి పోతుంది. అందుకే నిన్ను ఆగమన్నది.

రెసీఫే ఊరి ఫ్రేవో, మరకాటు అనే సంగీతాల గురించి వచ్చే ఉత్తరంలో రాస్తాను. ఈలోగా ఆ బొటనవేలు నీకు వినపడిందో లేదో రాయి.

ప్రేమతో,
పెదనాన్న