రైలు మాట మాత్రం వదిలెయ్ తమ్ముడూ

ఇంట్లో నాన్న తాగొచ్చి అమ్మను కొట్టడం, బడిలో నలుగురు నీ సైకిల్ గాలి తీసేసి నువ్విష్టపడే అమ్మాయి పేరు బోర్డు మీద రాయడం, ఇద్దరూ కలిసి విశాఖ రైలెక్కేద్దామనుకోవడం... నువ్వు రాసిందంతా చదివాను తమ్ముడూ. విజయనగరం నుంచి విశాఖ గంటన్నర దూరం. దిగాక రాత్రికి ఎక్కడ పడుకుంటారు? పైగా పద్దెనిమిది నిండని పిల్లను తీసుకెళ్తే కేసు నీ మీద పడుతుంది.

నేనూ ఇంటికెళ్లడానికి భయమేసి, చేతిలో మరమరాల పొట్లంతో చీకటి పడేదాకా అయ్యకోనేరు గట్టు మీద కూర్చున్నవాణ్ణే. అప్పుడు నాకు 1098 అని ఒక ఫోన్ నంబరుందని తెలీదు. పిల్లల కోసమే అది, పైసా ఖర్చుండదు, అర్ధరాత్రయినా ఎత్తుతారు. నాన్న కొడుతున్న టైములోనైతే పోలీసుల అత్యవసర నంబరు 112కి ఫోన్ చెయ్యి.

ఆ అమ్మాయితో మనసులో మాట చెప్పుకో, తప్పేం కాదు. కానీ మీ ఇంటి బరువంతా తన మీద పెట్టకు, తనకీ పదిహేనేళ్లేగా! బడి గొడవకైతే తిరిగి కొట్టడాలు వద్దు (నేను కొట్టాను, టీసీ చేతిలో పెట్టారు). ఏ రోజు ఏం చేశారో కాగితం మీద రాసి, నీకు నమ్మకమున్న టీచరుకి ఇవ్వు. బోర్డు తుడవకముందు ఎవరు చూశారో రేపే కనుక్కో.